అడగని ప్రశ్నకు జవాబు

"మీవాళ్లను తీసుకుంటారా?"

ఈ మాట నన్ను హిందువులూ అడిగారు, ముస్లింలూ అడిగారు. మాట ఒకటే, గొంతులే వేరు. హాస్టల్లో హిందూ మిత్రుడు అడిగితే అందులో సగం ఆశ్చర్యం, సగం జాలి ఉండేది. మా మామూ అడిగితే అది ప్రశ్న కాదు, తీర్పు. "అప్నే లోగోఁ కు కౌన్ లేతే మియా?" అని, జవాబు కోసం చూడకుండా బీడీ ముట్టించుకునేవాడు. మనవాళ్లను ఎవడు తీసుకుంటాడని. ఇద్దరికీ నేను ఒకే జవాబు చెప్పాను. పరీక్ష పెట్టేది యూపీఎస్సీ, పాసైతే పిలుస్తారు, పిలిస్తే వెళ్తాను. ఇద్దరూ నన్ను అమాయకుల లెక్కలో వేశారు.

1999లో నేను వైమానిక దళంలో పైలట్ కొలువుకు అర్జీ పెట్టుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఇప్పుడు నలభై ఆరు. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో పనిచేస్తూ ముస్లింల మీద, దేశభక్తి మీద ఎన్నో వ్యాసాలు దిద్దాను. కొన్ని రాశాను. ఈ ముచ్చట మాత్రం రాయలేదు. రాస్తే అటువాళ్లకో ఇటువాళ్లకో సాక్ష్యంగా పనికొస్తుందని, నాకు మాత్రం పనికిరాదని ఊరుకున్నాను.

మాది నర్సాపూర్, మెదక్ జిల్లా. అడవి అంచున ఉన్న ఊరు. అక్కణ్నుంచి హైదరాబాదు పోయే తోవలో దుండిగల్ ఉంది. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. 1967లో దానికి పునాదిరాయి వేసింది అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్, హైదరాబాదులో పుట్టినవాడు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చిన్నప్పుడు తెలిసిందల్లా విమానాలే. మా అబ్బాది బట్టలు కుట్టే దుకాణం, మసీదు సందు మొదట్లో. బడి నుంచి వచ్చాక కాజాలు తీయడం, గుండీలు కుట్టడం నా పని. నెత్తిమీద రేకు. ఆ రేకు మీదుగా శిక్షణ విమానాలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుండేవి. ఎక్కేటప్పుడు ఒక మోత, దిగేటప్పుడు ఒక మోత. అబ్బా కుట్టుమిషన్ నడుస్తుంటే అవి వినిపించేవి కావు, ఆగితే వినిపించేవి. అందుకని దారం తెగినప్పుడల్లా నాకు సంతోషం.

ఇందులో దేశం లేదు, మతం లేదు. రేకు కింద కూర్చున్న పిల్లాడికి రేకు పైన ఏముందో చూడాలని ఉంది. అంతే. ఈ 'అంతే' అన్నదాన్ని ఎవరూ ఒప్పుకోలేదు. పంతులు గారి అబ్బాయి పైలట్ అవుతానంటే అది కోరిక. సాయిబు కొడుకు అంటే అది దేశభక్తి సర్టిఫికెట్ కోసం పెట్టుకున్న దరఖాస్తు. ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ రోజు మేం ఎటు చప్పట్లు కొడతామో చూసినట్టే, మేం ఏ ఉద్యోగానికి రాస్తామో కూడా చూస్తారు. మెచ్చుకునేవాళ్లు కూడా అట్లనే చూస్తారు. మెచ్చుకునేవాళ్ల చూపే ఇంకా బరువు.

ఇంటర్లో నాది ఎంపీసీ, తెలుగు మీడియం. ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకుతో ఇంజనీరింగ్ మాట ఎత్తే పని లేకుండా పోయింది. సిటీకి వచ్చి బీఏలో చేరాను. హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. ఆర్ట్స్ చదివినవాడి చేతికి విమానం ఎవరిస్తారని అందరూ అంటారు. ఇస్తారు. కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, సీడీఎస్ అంటారు, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే అకాడమీకి రాయొచ్చు. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి, లెక్కలు, మూడు పేపర్లు. ఈ ముక్క నాకు చెప్పింది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పక్క కుర్చీలో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ చదువుతున్న ఒక కరీంనగర్ కుర్రాడు. ఆ పేపరు ఉర్దూలో కూడా వచ్చేది. మా మొహల్లాలో ఉర్దూ చదవగలిగినవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. ఆ పేపరు మాత్రం ఎవరింట్లోనూ నేను చూడలేదు. మావాళ్లు సైన్యంలో ఎందుకు తక్కువ అని అడిగేవాళ్లను నేను ముందు ఇక్కడి నుంచి మొదలుపెట్టమంటాను. కుట్ర తర్వాత వెతుకుదాం. ముందు ఆ పేపరు ఏ చౌరస్తా దాకా వచ్చి ఆగిపోయిందో చూద్దాం.

ప్రకటనలో కొలతలున్నాయి. పైలట్ ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. కాలు పొడవు 99కి తగ్గొద్దు, 120కి మించొద్దు. తొడ పొడవు 64 దాటొద్దు. కూర్చుంటే ఎత్తు 81.5 నుంచి 96 లోపల ఉండాలి. ఎందుకంటే కాక్‌పిట్ ముందే కట్టి ఉంటుంది. దానికి సరిపోయే మనిషిని ఏరుకుంటారు. ఇది విని అబ్బా చాలాసేపు నవ్వాడు. ముప్పై ఏళ్లుగా మనిషి కొలత తీసి బట్ట కత్తిరిస్తున్నాను, బట్ట ముందు కుట్టిపెట్టి దానికి మనిషిని వెతికేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను అన్నాడు. నవ్వుతూనే మెడలోంచి టేపు తీశాడు. గోడకు నిలబెట్టాడు. నేల మీద కూర్చోబెట్టి, వీపు గోడకు ఆనించి, కాలు చాపమన్నాడు. అబ్బా అంగుళాల్లో చెప్తుంటే నేను 2.54తో గుణించి సెంటీమీటర్లు చేశాను. ఎత్తు అరవై ఏడు. కాలు నలభై, అంటే 101.6. తొడ ఇరవై మూడున్నర, అంటే దగ్గర దగ్గర 60. ప్రతి కొలతనూ ఖాతాదారుల పుస్తకంలో నా పేరు మీద రాశాడు. పెళ్లి షేర్వానీల కొలతలు రాసే పుస్తకం అది.

అమ్మీ భయం యుద్ధం గురించి కాదు. ఎగిరేది ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది కదా అని. దాదీ బెంగ వేరే. అక్కడ నమాజు ఎట్ల, హలాల్ ఎట్ల? సైన్యంలో పండితుడు, గ్రంథీ, పాద్రీ ఉన్నట్టే మౌల్వీ కూడా ఉంటాడు, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదాలో జీతం ఇచ్చి పెట్టుకుంటారు అని చెప్పాను. దాదీ సంతోషపడింది. అయితే ఆ ఉద్యోగానికే రాయి, కింద ఉండొచ్చు అంది.

ఫారం నింపి ధోల్‌పూర్ హౌస్, షాజహాన్ రోడ్, న్యూఢిల్లీకి పంపాను. రాత పరీక్ష గురించి చెప్పడానికి ఏమీ లేదు. లెక్కలు నన్ను గట్టెక్కించాయి.

ఆ ఎండాకాలమే కార్గిల్. మే నుంచి జూలై దాకా మా సందులో జనం టీవీ ముందే ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. జూన్‌లో తుర్‌తుక్ దగ్గర కెప్టెన్ హనీఫుద్దీన్ చనిపోయాడని పేపర్లో వచ్చింది. రాజ్‌పుతానా రైఫిల్స్. మామూ ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సులోనో హోటల్లోనో ఎవడైనా ఏమైనా అంటే తీసి చూపించడానికి. మనవాళ్లను తీసుకోరు అని చెప్పిన మామూయే. బీడీ కట్ట ఒక జేబులో, చనిపోయిన కెప్టెన్ ఇంకో జేబులో. ఎముకలు కొరికే చలిలో, మంచులో ప్రాణం విడిచిన ఆ కుర్రవాడు నర్సాపూర్ బస్టాండులో ఒక ముసలాయనకు గుర్తింపు కార్డు అయ్యాడు.

మా దగ్గర ఇట్లాంటి కార్డులు ఇంకా ఉన్నాయి. 1948లో ఝంగర్ దగ్గర చనిపోయిన బ్రిగేడియర్ ఉస్మాన్. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను పేల్చి ప్రాణం ఇచ్చిన అబ్దుల్ హమీద్, పరమవీర చక్ర. మా పిల్లలకు ఈ పేర్లు నోటికి వస్తాయి. వాళ్ల ధైర్యం చూసి నేర్చుకున్నవి కావు. అవసరానికి నేర్చుకున్నవి.

ఇంటర్వ్యూ పిలుపు ఆ ఏడాది చివర్లో వచ్చింది. అప్పటికి నేను యూనివర్సిటీలో ఎంఏ మొదటి సంవత్సరం. ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డులు డెహ్రాడూన్, మైసూరు, వారణాసి లాంటి చోట్ల ఉన్నాయి. నాకు ఉత్తరం వచ్చింది వాటిలో ఒకదాని నుంచి. మొదటిసారి వచ్చేవాళ్లకు రానూపోనూ రైలు చార్జీ ఇస్తారు కాబట్టి అబ్బాను డబ్బులడిగే పని తప్పింది. రైల్లో రెండు రాత్రులు. రెండు రాత్రులూ నేను ఒకే ఒక జవాబు వల్లె వేశాను. "పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే ఏం చేస్తావు?" అని ఆఫీసర్ అడుగుతాడు. నేను ఇంగ్లీషులో చెప్తాను. అందులో ఉస్మాన్ ఉన్నాడు, హమీద్ ఉన్నాడు, హనీఫుద్దీన్ ఉన్నాడు. మా హైదరాబాదు వాడే అయిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ ఉన్నాడు. 1947లో ఆయనతో పాటు పనిచేసిన అస్గర్ ఖాన్ అటు వెళ్లి పాకిస్తాన్ వైమానిక దళానికి అధిపతి అయ్యాడు. లతీఫ్ ఇటే ఉండి 1978లో మన దళానికి అధిపతి అయ్యాడు. నా జవాబు ఆయన దగ్గర ముగుస్తుంది. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో కూడా గుర్తుపెట్టుకున్నాను. పై బెర్తు మీద పడుకుని గొణుక్కుంటుంటే కిందాయన దువా చదువుతున్నానేమో అనుకుని లైటు ఆర్పేశాడు.

బోర్డులో మొదట ఒక ఫారం ఇచ్చారు. పేరు, మతం, మాతృభాష, ఎక్కువ కాలం ఉన్న ఊరు, తండ్రి వృత్తి, నెల ఆదాయం. తర్వాత ఛాతీ మీద కట్టుకోవడానికి నంబరు ఉన్న గుడ్డ. ఇక అక్కడ ఉన్నన్ని రోజులూ ఆఫీసర్లకు నేను ఆ నంబరునే. మాతృభాష ఉర్దూ అని రాశాను. మా ఊళ్లో నాతో "తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావ్" అంటారు, నేనేదో పొరుగు దేశం నుంచి వచ్చి నేర్చుకున్నట్టు. అక్కడ లక్నో, అలహాబాదు కుర్రాళ్లు నా దక్కనీ విని, ముసల్మానువై ఉండి ఇదేం ఉర్దూ అని పొట్ట పట్టుకుని నవ్వారు. నేను 'హౌ' అన్నా నవ్వే, 'నక్కో' అన్నా నవ్వే. నాగపూర్ కుర్రాడొకడు మాత్రం "నకో మాది కదా, నీకెట్లా వచ్చింది?" అంటూ నా పక్కన చేరాడు. మరాఠీలోంచి మా దక్కనీలోకి వచ్చిన మాట అది. ఆ వారమంతా వాడే నా స్నేహితుడు.

తెర మీద ఒక్కో మాట వస్తుంది. అరవై మాటలు. మాటకు పదిహేను సెకన్లు. ఆ మాట చూడగానే మనసులో ఏమొస్తే అది వాక్యంగా రాయాలి. మనసును దాచుకునే టైము ఇవ్వకూడదని ఆ పరీక్ష. 'శత్రువు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట వచ్చింది. చుట్టూ కలాలు గబగబా కదిలాయి. నేను ఐదారు సెకన్లు ఆగాను. ఏం రాస్తే ఏమనుకుంటారు? చివరికి బద్ధకమే మనిషికి శత్రువు అని రాశాను. ఆ ఐదారు సెకన్లు ఏ మనస్తత్వ శాస్త్రవేత్తకూ నా కాగితంలో కనిపించి ఉండవు.

బయట మైదానంలో తాళ్లు, పలకలు, డ్రమ్ములు. ఒక పరుగు పందెం ఉంది. జట్టంతా పాములాంటి పొడవాటి బరువు మోసుకుంటూ అడ్డంకులు దాటాలి, నినాదం ఇస్తూ పరుగెత్తాలి. నినాదం జట్టే ఎంచుకోవాలి. ఒకడు బజరంగ్ బలీ పేరు చెప్పాడు. నలుగురు సరే అన్నారు. నాగపూర్ కుర్రాడు నావైపు చూశాడు. నేను, "జైహింద్ పెట్టుకుందాం, రెండే ముక్కలు, పరుగులో ఊపిరి ఆడుతుంది" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. మతం మాట నేను ఎత్తలేదు. ఊపిరి మాటే ఎత్తాను. మా బతుకులో సగం తెలివి ఇట్లాంటి వాటికే ఖర్చవుతుంది.

ఇంటర్వ్యూ చేసినాయన వింగ్ కమాండర్. నెరిసిన మీసాలు. నా ఫారం చూసి, తండ్రి దర్జీ అని ఉంది కదా, కుట్టుమిషన్‌లో పైదారం కిందిదారాన్ని ఎట్లా పట్టుకుంటుందో చెప్పు అన్నాడు. నేను సిద్ధపడి వచ్చింది వేరే ప్రశ్నకు. కానీ ఇది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. సూది కిందికి దిగి కొంచెం పైకి లేవగానే దారం చిన్న ఉచ్చులా విప్పుకుంటుంది, షటిల్ కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది, రెండు దారాలు బట్ట మధ్యలో ముడిపడతాయి అని బొమ్మ గీసి చూపించాను. బిగువు తప్పితే ఏమవుతుంది అని అడిగాడు. కిందివైపు దారం కుప్పపడుతుంది అన్నాను. ఆయన ముందుకు వంగి విన్నాడు. తర్వాత నర్సాపూర్ అడవి గురించి, తెలుగు మీడియంలో ఫిజిక్స్ గురించి, నేను చదివే పుస్తకాల గురించి. ముప్పావుగంట. పాకిస్తాన్ మాట రాలేదు. నా పేరు మాట రాలేదు. థాంక్యూ అన్నాడు.

తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాక నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆయన నన్ను దర్జీ కొడుకుగా చూశాడు. నేను దర్జీ కొడుకునే. రెండు రాత్రులు మోసుకొచ్చిన జవాబు మాత్రం గొంతులో అట్లనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, నేను దించుకోలేదు. ఆ ప్రశ్న ఆ గదిలో లేదు. బస్టాండులో ఉంది, హాస్టల్లో ఉంది, మామూ జేబులో ఉంది. అక్కడ పుట్టి నాతో పాటు రైలెక్కి ఆ గది దాకా వచ్చింది.

ఆ వారంలోనే పీఏబీటీ అనే పరీక్ష. పైలట్ కాగల చేతులూ కాళ్లూ ఉన్నాయా లేదా చూసేది. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అందులో తప్పితే మళ్లీ ఎన్ని దరఖాస్తులు పెట్టినా పైలట్ కాలేరు. తర్వాతి కాలంలో దాని స్థానంలో కంప్యూటర్ పద్ధతి వచ్చింది కానీ ఒక్కసారే అన్న నిబంధన పోలేదు. ముందు విమానం గడియారాల లాంటి డయళ్లు చూసి జవాబులు గుర్తించే పేపరు. అది బాగానే రాశాను. తర్వాత మెషిన్. చేతిలో కర్ర, కాళ్ల కింద పెడళ్లు, ఎదురుగా తెర మీద చుక్క. చుక్కను గడి దాటనివ్వకూడదు. మధ్యలో లైట్లు వెలుగుతాయి, మోతలు వస్తాయి, వాటిని ఆపాలి. చుక్క మాత్రం ఆగదు. నా కాళ్లు కుట్టుమిషన్ పలక మీద పెరిగినవి. రెండూ కలిసి ముందుకు, రెండూ కలిసి వెనక్కు. ఇక్కడ ఎడమకాలు ఒక మాట వినాలి, కుడికాలు ఇంకో మాట వినాలి, చేయి మూడో మాట వినాలి. చుక్క గడి దాటింది. తెచ్చాను. మళ్లీ దాటింది. అది ఎటు పోతుందో నాకు కనిపిస్తూనే ఉంది, చేయి అందేలోపు పోయింది.

పాసైనవాళ్ల నంబర్లు చదివారు. నా నంబరు లేదు. ఛాతీ మీది గుడ్డ విప్పి ఇచ్చేసి, రైలు చార్జీ తీసుకుని, సంతకం పెట్టి వచ్చేశాను.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ని కాదు. ఇంటికి వచ్చాక మామూ "దేఖా?" అన్నాడు. చూశావా అని ఒక్కటే మాట. అందులో ఓదార్పు కూడా ఉంది. హాస్టల్లో ఒక మిత్రుడు, మంచివాడు, వామపక్షంలో ఉండేవాడు, భుజం మీద చెయ్యేసి, "ఎందుకు తీసేశారో మాకు తెలుసులే భాయ్" అన్నాడు. ఇంకొకడు, వాడూ చెడ్డవాడేం కాదు, "దేశ భద్రత గదా, వాళ్ల జాగ్రత్త వాళ్లు పడ్తరు, నిన్ను అనుమానించి కాదు" అన్నాడు. ముగ్గురికీ నేను మెషిన్ గురించి చెప్పాను. చుక్క, గడి, పెడళ్లు. ముగ్గురూ ఒకేలా నవ్వారు. పాపం, వీడికి అర్థం కాలేదు అన్న నవ్వు. నేను ఫెయిలయ్యాను బాబూ అని నేనే ఊరంతా వాదించుకోవాల్సి వచ్చింది. ఎదుటివాళ్లు లేదు, నిన్ను ఫెయిల్ చేశారు అంటారు. ఐఏఎస్ తప్పినవాణ్ని, గ్రూప్ వన్ తప్పినవాణ్ని వాడి మానాన వాణ్ని ఏడవనిస్తారు. నాకు ఆ వీలు కూడా దొరకలేదు.

అబ్బా ఒక్కడే నమ్మాడు. పెడళ్ల మధ్య ఎంత ఎడం ఉంది, తొక్కితే ఎంత లోతు పోతుంది, కర్ర ఎంత బిగువుగా ఉంది, అన్నీ అడిగాడు. మిషన్ మీద కాళ్లు పెట్టి ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ ఆడించి చూశాడు. కష్టమే, కొత్త కుర్రాడికి ఆరు నెలలు పడుతుంది అన్నాడు. ఖాతా పుస్తకంలో నా కొలతలు అట్లనే ఉంచాడు.

నేను ఓడింది మెషిన్ దగ్గర. దానికి నా పేరు తెలియదు. ఇది నిజం, దీన్ని ఎవరి కోసమూ మార్చలేను. మా బ్యాచ్‌లో ముస్లిం పేరు నాదొక్కటే. ఇదీ నిజం. మొదటి నిజం చూపించి రెండోదాన్ని కప్పేసేవాళ్లున్నారు, రెండోది చూపించి మొదటిదాన్ని అబద్ధం చేసేవాళ్లున్నారు. 2006లో సచార్ కమిటీ సైన్యంలో ముస్లింలు ఎంతమంది అని అడిగితే ఎంత రాద్ధాంతం జరిగిందో డెస్కులో కూర్చుని చూశాను. సైన్యాన్ని మతం పేరిట చీలుస్తారా అన్నారు. చివరికి ఆ లెక్క లేకుండానే ఆ ఏడాది నవంబరులో రిపోర్టు వచ్చింది. నేను నింపిన ఫారంలో మతం అన్న గడి ఉంది. ఒక్కొక్కరి చేత రాయించుకున్నప్పుడు లేని చీలిక, అన్నీ కలిపి కూడితే ఎట్లా వస్తుంది? తక్కువ ఉంటే ఎందుకు తక్కువో వెతుకుతాం. ఆ పేపరు మొహల్లాకు రాకపోవడం, ఇంటర్లో లెక్కల దాకా చదివే పిల్లలు తక్కువ కావడం, ఇంగ్లీషు, మామూ లాంటివాళ్ల తీర్పులు, ఇవన్నీ బయటికొస్తాయి. వివక్ష ఉంటే అదీ బయటికొస్తుంది. లెక్క చెప్పకపోతే మిగిలేది మామూ ఒక్కడే.

గడ్డం విషయం కూడా ఇట్లనే. గడ్డం తీయనందుకు ఉద్యోగం పోయిన ఒక ఎయిర్‌మన్ కేసులో 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వైమానిక దళం వైపే తీర్పు ఇచ్చింది. నాకు గడ్డం లేదు, ఉద్యోగమూ రాలేదు. అయినా ఆ వారమంతా రెండు పక్షాలవాళ్లూ నన్నే సాక్షిగా పిలిచారు.

అబ్దుల్ కలాం కూడా పైలట్ కావాలనుకున్నాడు. డెహ్రాడూన్‌లో బోర్డు ముందుకు వెళ్లాడు. ఇరవై ఐదు మందిలో తొమ్మిదోవాడిగా వచ్చాడు, ఎనిమిది మందినే తీసుకున్నారు. 1999లోనే వచ్చిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివి ముస్లిం కాబట్టే తొమ్మిదో స్థానం ఇచ్చారని ఎవరూ అనలేదు, దేశ భద్రత కోసం ఆపారనీ ఎవరూ అనలేదు. ఆయన రాష్ట్రపతి అయ్యాడు కాబట్టి ఆయన ఓటమిని ఆయనకు వదిలేశారు. 2006 జూన్‌లో పుణేలో సుఖోయ్-30 ఎక్కాడు, డెబ్బై నాలుగేళ్ల వయసులో. ఆ ఫొటో కింద వ్యాఖ్య రాసే పని ఆ రోజు డెస్కులో నాకే పడింది. హెల్మెట్ పెట్టుకుని ముసలాయన పిల్లాడిలా ఉన్నాడు. చాలాసేపు ఏమీ రాయకుండా చూశాను.

2018 ఏప్రిల్ 30న లతీఫ్ హైదరాబాదులో చనిపోతే, "నువ్వే రాయి, మీవాడే కదా" అన్నారు మా పెద్దాయన. రాశాను. నిజాం కాలేజీలో చదవడం, బర్మా రంగంలో పనిచేయడం, ఆయన హయాంలో జాగ్వార్ విమానాలు దళంలోకి రావడం. పొద్దున పేపర్లో శీర్షిక 'తొలి ముస్లిం అధిపతి'. అబద్ధం కాదు. తొంభై నాలుగేళ్లు బతికిన మనిషిలో వాళ్లకు పెద్ద అక్షరాల్లో కనిపించింది అదొక్కటే.

2025 మేలో కల్నల్ సోఫియా ఖురేషీ విలేకరుల ముందు నిలబడి సైనిక చర్య వివరాలు చెప్పింది. ఆ సాయంత్రానికి నా ఫోన్‌కు ఆమె ఫొటో లెక్కలేనన్ని సార్లు వచ్చింది. చూడు మీ ఆడబిడ్డ అని మిత్రులు, మాషా అల్లాహ్ అని బంధువులు. మామూ పోయి చాలా ఏళ్లయింది, ఉండి ఉంటే ఆ ఫొటోను జేబులో పెట్టుకునేవాడు. వారం తిరక్కుండానే మధ్యప్రదేశ్‌లో ఒక మంత్రి ఆమెను ఉగ్రవాదుల సోదరి అన్న అర్థం వచ్చేలా సభలో మాట్లాడాడు. హైకోర్టు తనంతట తాను కేసు పెట్టమంది. కార్డు జేబులో పెట్టుకున్నవాళ్లకే కాదు, యూనిఫాం మీద వేసుకున్నవాళ్లకూ అది చెల్లలేదు. నేను రైల్లో వల్లె వేసిన జవాబులో ఇద్దరు ముగ్గురు పేర్లకు ఇంకో పేరు చేరింది, అంతకంటే ఏమీ మారలేదు.

మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ. ఆడపిల్లలూ ఎన్డీఏ పరీక్ష రాయొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి మా చుట్టాలు దాన్ని వదలడం లేదు. తండ్రి కోరిక నువ్వు తీర్చాలి, మనవాళ్లకు పేరు తేవాలి అని. మొన్న దావత్‌లో మా వదిన అదే మాట అంటే ప్లేటు కింద పెట్టి చెప్పింది. "నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కితేనే నాకు కళ్లు తిరుగుతయ్ ఖాలా. నేను ఆర్కిటెక్చర్ చదువుతా." మా వదిన నావైపు చూసింది, నేను ఏమంటానో అని. బిర్యానీ చల్లారుతోంది, తినమన్నాను.